చప్పుడు ఒకటే, తీర్పులు అనేకం

మన తల్లిదండ్రులు తొలిసారిగా అమెరికాకు వచ్చి, ప్రయాణపు బడలిక తీరి, నిద్ర కుదుటపడిన తరువాత తరచుగా అనే మాట ఒకటి ఉన్నది. "ఇల్లు బావురుమంటున్నది" అంటారు. ఇంటిలో మనుషులు లేక అనే మాట కాదది. కొడుకు, కోడలు, మనుమలు అందరూ ఎదురుగా ఉన్నప్పుడే అంటారు. వారికి లోటుగా తోచేది వీధి. పాలవాని సైకిలు గంట, కూరగాయల బండివాని కేక, ఎదురింటి వాకిట చీపురు చప్పుడు, దూరాన గుడి మైకు, వీటిలో ఏ ఒక్కటీ వినిపించకపోవడంతో తెల్లవారినట్లే వారికి అనిపించదు. అదే ఇంటిలో పుట్టి పెరిగిన మనుమడిని వేసవి సెలవులలో హైదరాబాదుకు తీసుకొని వెళితే, కారు మెహదీపట్నం చేరేసరికి వాడు రెండు చెవులూ మూసుకొని, "వీళ్ళందరికీ ఎందుకు ఇంత కోపం?" అని అడుగుతాడు. వాడు పెరిగిన ఊరిలో హారను మోగిందంటే ఎవరో ఎవరినో తిట్టినట్లు లెక్క. హైదరాబాదు డ్రైవరుకు అది తిట్టు కాదు. "నీ వెనుక నేనున్నాను, చూసుకో" అని చెప్పే కబురు.

నాయనమ్మ చెవులలో లోపం లేదు, మనుమని చెవులలోనూ లేదు. ఇద్దరి కర్ణభేరుల మీద పడే తరంగాలు ఒకే తీరువి. అయినా ఒకరికి ప్రాణం ఉన్నట్లు తోచే వీధి మరొకరికి పోట్లాటగా తోచుచున్నది. ఒకరికి హాయినిచ్చే నిశ్శబ్దం మరొకరికి వెలితిగా కనిపిస్తున్నది. నగరంలో మనం నిత్యం వినే శబ్దాలకు ఈ తీర్పులు ఎక్కడ నుండి వస్తున్నవి? శాస్త్రజ్ఞులు సుమారు నూరేళ్ళుగా ఈ ప్రశ్నను పట్టుకొని ఉన్నారు. వారి పరిశోధనలలో చాలా భాగం మనలో అనేకులు నివసించే న్యూయార్కు నగరంలోనే జరగడం ఒక విశేషం.

ముందుగా కొలత సంగతి చూద్దాం. ధ్వని అంటే గాలి పీడనంలో కలిగే అతి స్వల్పమైన హెచ్చుతగ్గులు. ఆరోగ్యవంతమైన లేత వయసు చెవి వినగల అత్యల్ప ధ్వనిలో ఆ హెచ్చుతగ్గు 20 మైక్రోపాస్కల్‌లు మాత్రమే. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో అది ఐదు వందల కోట్లవ వంతు. దానికి పది లక్షల రెట్లు పీడనం కలిగిన ధ్వనిని కూడా, నొప్పి పుట్టినా సరే, అదే చెవి వినగలదు. ఇంత విస్తారమైన పరిధిని మామూలు అంకెలలో రాయడం కష్టం కనుక సంవర్గమానాన్ని ఆశ్రయించి డెసిబెల్ అనే కొలతను ఏర్పరచుకున్నారు. ఈ లెక్కలో 10 డెసిబెల్‌లు పెరిగితే ధ్వనిశక్తి పది రెట్లు అవుతుంది, కాని మన చెవికి మాత్రం సుమారు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. ఒక మిక్సీ పక్కన సరిగ్గా అటువంటిదే మరొక మిక్సీ తిప్పితే పెరిగేది 3 డెసిబెల్‌లే. అన్ని స్థాయిలనూ చెవి సమానంగా వినదు కూడా. 1933లో బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చూపినట్లు, సెకనుకు రెండు మూడు వేల కంపనాలు గల శబ్దం మనకు ఇట్టే వినిపిస్తుంది. యాభై, అరవై కంపనాల మంద్రధ్వని అంతగా వినిపించాలంటే ఎంతో ఎక్కువ శక్తి కావలసి ఉంటుంది. అందుకనే నగరాలలో వాడే ధ్వనిమాపకాలలో చెవి పోకడను అనుకరించే సవరణ ఒకటి అమర్చి ఉంటుంది.

ఇంత జాగ్రత్తగా తయారైన మాపకం కూడా మనిషి చిరాకును కొలవలేకపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరపు దేశాల కొరకు ప్రకటించిన మార్గదర్శకాలను చూడండి. రేయింబవళ్ళను కలిపి తీసిన సగటు లెక్కలో రోడ్డు శబ్దం 53 డెసిబెల్‌లకు, రైలు శబ్దం 54 డెసిబెల్‌లకు మించరాదని అందులో సూచించారు. విమానాల విషయంలో ఆ హద్దును 45 దగ్గరనే గీశారు. ఎనిమిది డెసిబెల్‌ల తేడా అంటే శక్తిలో ఆరు రెట్లకు పైమాట. ఆరవ వంతు శక్తి కలిగిన విమానపు శబ్దం రోడ్డు శబ్దమంతగా జనాన్ని విసిగిస్తున్నదని దీని తాత్పర్యం. చెవికి చేరినదాని గురించి మాపకం నిజమే చెప్పింది. చెవి వెనుక ఉన్న మనిషి సంగతి దానికి తెలియదు.

ఈ విషయాన్ని కళ్ళకు కట్టినట్లు చూపే చోటు ఒకటి మన్‌హాటన్‌లో ఉన్నది. ఫిఫ్త్ ఎవెన్యూకు తూర్పున, 53వ వీధిలో, రెండు పెద్ద భవనాల నడుమ పేలీ పార్కు అనే చిన్న తోట ఉన్నది. దానిని 1967లో తెరిచారు. మన లెక్కలో చెప్పాలంటే దాని వైశాల్యం సుమారు 470 చదరపు గజాలు, ఒక పెద్ద ఇంటి స్థలమంత. కొన్ని చెట్లు, కదిలించగల కుర్చీలు, వెనుక గోడ పొడవునా ఇరవై అడుగుల ఎత్తు నుండి జారే నీరు. మధ్యాహ్నం వేళ కార్యాలయాల నుండి జనం వచ్చి అక్కడ కూర్చొని భోజనం చేస్తారు, చదువుకొంటారు, కళ్ళు మూసుకొని సేద తీరుతారు. అడిగితే ప్రశాంతంగా ఉన్నది అంటారు.

నగరంలోని బహిరంగ స్థలాలలో జనం నడవడికను ఏళ్ళ తరబడి గమనించిన విలియం వైట్ అనే రచయిత ఈ తోటలో ధ్వనిని కొలిచాడు. నీటిగోడ దగ్గర సుమారు 75 డెసిబెల్‌లు ఉన్నట్లు తేలింది. బయట వీధిలో ఉన్నదానికంటె అది ఎక్కువ! వీధిరొద నుండి తప్పించుకొని జనం వచ్చి కూర్చొంటున్నది అంతకంటె పెద్ద చప్పుడు పక్కన. ఆయన అంతటితో ఊరుకొనలేదు. ఆ జలపాతపు ధ్వనిని టేపు మీద పట్టి, అదేమిటో చెప్పకుండా కొందరికి వినిపించాడు. వారు మొహం చిట్లించి, భూగర్భ రైలు అనో, హైవే మీద లారీలు అనో చెప్పారట. 1980లో వెలువడిన తన పుస్తకంలో ఆయన ఈ సంగతి రాశాడు. నీటిని చూస్తూ విన్నవారికి అది హాయి. చూడకుండా విన్నవారికి అదే ధ్వని లారీల మోత.

ఇందులో రెండు కారణాలు పెనవేసుకొని ఉన్నవి. మొదటిది పూర్తిగా చెవికి సంబంధించినది. జలపాతపు ధ్వనిలో హెచ్చు, తగ్గు కంపనాలన్నీ కలగలిసి ఎడతెగకుండా ఉంటాయి. అటువంటి ధ్వని చెవిని నింపి ఉంచినప్పుడు, మధ్యమధ్య వచ్చే హారను, తలుపు దబ్బుమన్న చప్పుడు దానిలో మునిగిపోతాయి. దీనిని ఆచ్ఛాదనం అనవచ్చును. ఈ కిటుకు మనకు కొత్తది కాదు. పెళ్ళిలో మంగళసూత్రధారణ వేళ గట్టిమేళం ఎందుకు మోగిస్తారని పెద్దలను అడగండి. ఆ క్షణంలో ఎవరి తుమ్మో, ఏడుపో, అశుభపు మాటో వధూవరుల చెవిన పడకుండా ఉండటానికి అని చెబుతారు. డోలు, సన్నాయి విద్వాంసులు ఆ నిమిషంలో చేస్తున్నది పేలీ పార్కు నీటిగోడ రోజంతా చేస్తున్న పనే.

రెండవది మనసుకు సంబంధించినది. సముద్రపు హోరు, దూరాన హైవే హోరు, ఈ రెండూ ధ్వని నిర్మాణంలో చాలా దగ్గరగా ఉంటాయి. ఇంగ్లండులోని షెఫీల్డు పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఒకే విధమైన హోరును వినిపిస్తూ, ఒకసారి సముద్రతీరపు దృశ్యాన్ని, మరొకసారి రహదారి దృశ్యాన్ని చూపించి, ఆ సమయంలో మెదడు పనితీరును యంత్రం ద్వారా పరిశీలించారు. చెవికి చేరిన ధ్వని మారలేదు. కాని సముద్రాన్ని చూస్తున్నప్పుడు మెదడులోని శ్రవణ భాగానికీ, ముందుభాగంలోని కొన్ని ఇతర కేంద్రాలకూ మధ్య అనుసంధానం హెచ్చినట్లు కనిపించింది. ఏది వింటున్నామనే తలంపు వినికిడిలోనే కలిసిపోతున్నదన్నమాట. విన్న తరువాత తీరికగా ఆలోచించి ఇచ్చే తీర్పు కాదిది.

ఇక్కడ మన భాషను ఒకసారి తలచుకొనక తప్పదు. చప్పుడు అనేది తెలుగులో దాదాపు తటస్థమైన మాట. దానిని దాటి ఏ మాట వాడినా అందులో తీర్పు దాగి ఉంటుంది. పెళ్ళివారి ఇల్లు సందడిగా ఉన్నది అంటాము. అదే జనం, అదే మాటలు, అదే పిల్లల పరుగులు మనకు గిట్టని చోట ఉంటే గోలగా ఉన్నది అంటాము. సవ్వడి అనగానే గజ్జెలో, అలలో గుర్తుకు వస్తాయి కాని లారీ గుర్తుకు రాదు. రొద అంటే విసుగు పుట్టించేది, ఎంతకూ ఆగనిది. అలికిడి చిన్నదే అయినా ఎవరో ఉన్నారని చెప్పి ఒళ్ళు జాగ్రత్తపరుస్తుంది. రాత్రి పొద్దుపోయిన తరువాత ఊరు సద్దుమణుగుతుంది, అది సుఖం. ఎప్పుడూ మనుషులు తిరిగే ఇల్లు సద్దులేకుండా ఉంటే బావురుమంటుంది, అది దుఃఖం. చప్పుడు లేకపోవడానికి కూడా మనకు రెండు మాటలు ఉన్నవి చూడండి.

ఈ విధమైన మాటల సాయంతోనే స్వీడను పరిశోధకులు నగరధ్వనుల గురించి మనుషుల తీర్పును చిత్రపటంగా గీశారు. ఆక్సెల్‌సన్, నిల్సన్, బెర్గ్‌లుండ్ అనే ముగ్గురు నూరు మంది శ్రోతలకు నగరంలోని 50 చోట్ల ధ్వనులను వినిపించి, 116 విశేషణాలను ఇచ్చి, ఏ మాట ఎంతవరకు సరిపోతుందో గుర్తు పెట్టమన్నారు. 2010లో వెలువడిన ఫలితం ఆశ్చర్యకరంగా సరళమైనది. ఆ 116 మాటల వెనుక ముఖ్యంగా రెండే ప్రశ్నలు ఉన్నవి. ఇది హాయిగా ఉన్నదా, లేదా? ఇక్కడ ఏదైనా జరుగుతున్నదా, లేదా? తీర్పులలోని తేడాలలో సగం మొదటి ప్రశ్నకే చెందినవి, సుమారు 18 శాతం రెండవ ప్రశ్నకు. ఈ రెండింటినీ అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి చూస్తే నాలుగు గదులు ఏర్పడతాయి. నాకు తోచినంతవరకు మన మాటలు ఆ గదులలో అచ్చంగా సరిపోతున్నవి. హాయిగా ఉండి ఏదో జరుగుతూ ఉంటే సందడి. జరుగుతూ ఉండి హాయి లేకపోతే గోల. ఏమీ జరగక హాయిగా ఉంటే ప్రశాంతి. ఏమీ జరగక, హాయీ లేక, ఒకే తీరున సాగితే రొద. నాయనమ్మ అన్న బావురుమనడానికి కూడా ఆ నాలుగవ గదిలోనే చోటు ఇవ్వవలసి ఉంటుంది. మన కాలనీలలోని నిశ్శబ్దాన్ని మనం మూడవ గదిలో ఉంచుకొన్నాము, ఆమె నాలుగవ గదిలో ఉంచినది.

కెనడాకు చెందిన సంగీతకారుడు ముర్రే షేఫర్ 1970ల నుండి ఇటువంటి పరిశీలనకు 'సౌండ్‌స్కేప్' అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. ల్యాండ్‌స్కేప్ అనే మాటను పోలి ఉన్న ఆ పేరుకు తెలుగులో 'ధ్వనిసీమ' అంటే బాగుంటుందేమో పెద్దలు ఆలోచించాలి. 2014లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీనికి నిర్వచనం ఏర్పరచినప్పుడు చుట్టూ ఉన్న ధ్వనిని మాత్రమే చెప్పి వదలలేదు. ఆ ధ్వనిని ఒక సందర్భంలో మనుషులు ఎలా గ్రహిస్తారో, ఎలా అర్థం చేసుకొంటారో అదే ధ్వనిసీమ అన్నది. కొలతల సంస్థ ఒకటి మనిషి మనసుకు నిర్వచనంలో చోటు ఇవ్వడం చిన్న సంగతి కాదు.

అయితే మనసుకు పెద్దపీట వేసినప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఎవరి మనసు? న్యూయార్కు చరిత్రలో దీనికి సమాధానం ఎల్లప్పుడూ ఒక తీరుగా లేదు. 1906లో జూలియా బార్నెట్ రైస్ అనే ఆమె అనవసర శబ్దాలను అణచడానికి ఒక సంఘాన్ని స్థాపించినది. వైద్యవిద్య చదివిన ఆమె ఇల్లు హడ్సన్ నది ఒడ్డున ఉండేది. రాత్రంతా పడవలు ఒకదానికొకటి కూతలు పెట్టుకోవడం ఆమెను బాధించింది. విద్యార్థుల చేత రాత్రుళ్ళు కూతలను లెక్క పెట్టించి, అవి ఆసుపత్రులలోని రోగులను కూడా బాధిస్తున్నవని వైద్యుల చేత చెప్పించి, చివరకు చట్టం తెప్పించినది. 1929లో నగర ప్రభుత్వమే శబ్దనివారణ సంఘాన్ని నియమించి, పరికరాలు అమర్చిన ట్రక్కును వీధులలో తిప్పి కొలతలు తీయించినది. పత్రికలలో ప్రశ్నాపత్రం వేయగా పదకొండు వేల మందికి పైగా జవాబులు పంపారు. లారీలు, హారన్లు, ఇళ్ళలోని రేడియోలు, ఎత్తైన వంతెనల మీద నడిచే రైళ్ళు వారి ఫిర్యాదులలో ముందు నిలిచినవి. తరువాత కొన్నేళ్ళకు, 1930ల నడుమ, మేయరు లగ్వార్డియా వీధులలో చేతిపెట్టె తిప్పుతూ పాట వినిపించేవారిని నిషేధించాడు. వారిలో ఎక్కువ మంది ఇటలీ నుండి వచ్చిన పేదలు, మేయరు కూడా ఆ సంతతివాడే. లారీలు మాత్రం తిరుగుతూనే ఉన్నవి. నిషేధించడానికి లారీ కంటె బీదవాని పెట్టె సులువు. శబ్దం మీద తీర్పు చెబుతున్నామని అనుకొంటూ శబ్దం చేసేవారి మీద తీర్పు చెప్పడం పాత అలవాటు, ఈనాటికీ పోలేదు. 2003లో ఆ నగరం 311 అనే ఒకే టెలిఫోను నంబరును ఏర్పాటు చేసినప్పటి నుండి వచ్చే ఫిర్యాదులలో శబ్దానిదే అగ్రస్థానం. వాటిలో హెచ్చుభాగం పొరుగువారి మీదనే.

పొరుగువారి శబ్దం ఎందుకు అంత బాధిస్తుందో 1972లో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రయోగాలు కొంత తెలుపుతాయి. టైపురైటరు, కూడికల యంత్రం, అర్థంకాని భాషలలో మాటలు, అన్నీ కలగలిపి రికార్డు చేసి, చెవులు గింగురుమనేంత గట్టిగా, అంటే 108 డెసిబెల్‌ల దాకా వినిపిస్తూ, కొందరికి చిన్న చిన్న పనులు అప్పగించారు. శబ్దం వస్తుండగా వారు పనిని బాగానే చేశారు. తేడా శబ్దం ఆగిన తరువాత బయటపడినది. శబ్దం ఎప్పుడు వస్తుందో తెలియక విన్నవారు, ఆ తరువాత ఇచ్చిన పజిల్స్‌ను త్వరగా వదిలివేశారు, అచ్చుతప్పులు దిద్దమంటే ఎక్కువ తప్పులను చూడలేకపోయారు. నిర్ణీత వ్యవధిలో విన్నవారు అంతగా చెడలేదు. మరికొందరికి ఒక మీట చూపించి, భరించలేకపోతే దీనిని నొక్కితే శబ్దం ఆగుతుంది, కాని నొక్కకుండా ఉంటేనే మాకు మేలు అని చెప్పారు. వారు దానిని నొక్కలేదు. విన్నది అంతే శబ్దం. అయినా తరువాతి పనిలో వారి ఓపిక ఎన్నో రెట్లు మెరుగుగా ఉన్నది. మీట ఉన్నదనే ఎరుక ఒక్కటే చాలినది.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మగారు ఇక్కడికి వచ్చి ఉన్నప్పుడు మాకు అపార్ట్‌మెంటు కార్యాలయం నుండి ఉత్తరం వచ్చింది. ఉదయం ఏడు గంటల వేళ మా ఇంటి నుండి 'పారిశ్రామిక యంత్రపు శబ్దం' వస్తున్నదని ఫిర్యాదు. ఆ యంత్రం మా ప్రెషరు కుక్కరు. అమ్మ చాలా నొచ్చుకున్నది. "వండుకొని తినడం కూడా తప్పేనా నాయనా ఈ దేశంలో?" అన్నది. రెండు రోజులు ఆ కుక్కరును పొయ్యి మీద పెట్టలేదు. ఆమెకు కుక్కరు కూత చప్పుడే కాదు, గడియారం. పెరటిలో ఉన్నా, పూజలో ఉన్నా అన్నానికి మూడు, పప్పుకు ఇన్ని అని లెక్క తప్పకుండా వింటుంది. చివరకు ఇద్దరం కలిసి కింది వాటా ఆవిడ దగ్గరికి వెళ్ళాము. ఆమె రాత్రిపూట ఆసుపత్రిలో పని చేసి ఉదయం పడుకొనే నర్సు. అది ఏదో పేలబోతున్నదని హెచ్చరించే కూత అని ఆమె అనుకొన్నది. ఎప్పుడు మొదలవుతుందో, ఎన్నిసార్లు వస్తుందో, ఆగుతుందో ఆగదో తెలియక గుండె దడదడలాడేదట. అమ్మ వేళ్ళు చూపించి మూడు అని చెప్పింది. వంటను పది గంటలకు మార్చుకొంటామని కూడా అన్నాము. నెల తరువాత మెట్ల మీద కనిపించి, ఇప్పుడు మొదటి కూతకు మెలకువ వస్తే మిగిలిన రెండూ లెక్క పెట్టుకొంటూ నిద్రపోతున్నానని చెప్పింది. కుక్కరు డెసిబెల్‌లు తగ్గలేదు. ఆమెకు లెక్క తెలిసినది, అడిగే చనువు దొరికినది. గ్లాస్, సింగర్‌ల మీట అదే.

ఇది విని, సర్దుకుపోతే సరి, శబ్దమంతా మనసులోనే ఉన్నది అనుకొనేవారికి ఒక బడి కథ చెప్పాలి. మన్‌హాటన్ ఉత్తరాన పబ్లిక్ స్కూల్ 98 అనే ప్రాథమిక పాఠశాల ఉన్నది. దాని ఒక పక్క ఎత్తైన కట్టడం మీద రైలు నడుస్తుంది. సుమారు నాలుగున్నర నిమిషాలకు ఒకసారి రైలు వచ్చినప్పుడల్లా ఆ వైపు గదులలో ధ్వని 89 డెసిబెల్‌లకు చేరేది. ఉపాధ్యాయులు అరిచైనా చెప్పాలి, ఆగిపోనైనా పోవాలి. ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు రైలు వైపు గదులలోని పిల్లల చదివే సామర్థ్యాన్ని, అవతలి వైపు నిశ్శబ్దపు గదులలోని పిల్లల సామర్థ్యంతో పోల్చి 1975లో ప్రచురించారు. ఆరవ తరగతికి వచ్చేసరికి రైలు వైపు పిల్లలు దాదాపు ఒక సంవత్సరం వెనుకబడి ఉన్నారు. ఒకే బడి, ఒకే పేట, ఒకే పుస్తకాలు. తరువాత పట్టాల కింద రబ్బరు దిండ్లు అమర్చి, గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చుకొనే పలకలు వేశారు. 1981లో ఆమె మళ్ళీ ప్రచురించిన ఫలితాలలో రెండు వైపుల పిల్లల మధ్య తేడా లేదు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 1992లో విమానాశ్రయం ఒక చోటు నుండి మరొక చోటుకు మారినప్పుడు కూడా ఇదే కనిపించింది. పాత విమానాశ్రయం దగ్గరి పిల్లల జ్ఞాపకశక్తి, చదువు మెరుగుపడినవి. కొత్తదాని దగ్గరి పిల్లలవి తగ్గినవి.

ఆ పిల్లలలో ఎంతమంది ఫిర్యాదు చేసి ఉంటారు? రైలు కింద పుట్టి పెరిగినవాడికి రైలు చప్పుడు వినిపించదు. అలవాటైపోయింది అంటాడు. కాని నిద్రలో గుండె వేగాన్ని కొలిచిన పరిశోధనలలో, అలవాటైనదని చెప్పేవారి గుండె కూడా ప్రతి వాహనానికీ ఉలిక్కిపడుతూనే ఉన్నదని తేలినది. కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు. మనసు తన తీర్పును మార్చుకొన్నంత సులువుగా శరీరం మార్చుకొనలేదు. అందువలన నా అభిప్రాయంలో, నగరధ్వనికి రెండు విడివిడి లెక్కలు ఉండాలి. ఒకటి జనాన్ని అడిగి తెలుసుకొనేది, మరొకటి అడగకుండా కొలిచేది. ఒకదానిని చూపి మరొకదానిని కొట్టివేసే అధికారులు, విమానాశ్రయాల యాజమానులు అన్ని దేశాలలోనూ ఉన్నారు. భారతదేశంలో 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడుస్పీకర్లు మోగించరాదు. సంవత్సరంలో పదిహేను రోజులకు మించకుండా పండుగలకు మాత్రం అర్ధరాత్రి వరకు రాష్ట్రప్రభుత్వాలు సడలింపు ఇవ్వవచ్చును. అంకెలు బాగానే ఉన్నవి. సెలవులకు వెళ్ళి వచ్చినవారికి మిగతా సంగతి తెలుసు.

ఇక మన సంగతి. ఉగాదికో, సంక్రాంతికో మనం అద్దెకు తీసుకొనే హాలును తలచుకోండి. భోజనాల వేళ పక్కవారితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. మనం పెంచితే అవతలి బల్లవారు పెంచుతారు. వేదిక మీది కుర్రవాడు పాట వినిపించడం లేదని మైకు పెంచుతాడు. చప్పుడులో ఉన్నవాడు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లొంబార్ 1911లోనే రాశాడు. ఆయన తెలుగువారి విందుకు వచ్చి ఉండడు. లోపల ఉన్నవారికి ఇదంతా సందడే, అనుమానం లేదు. గోడ అవతల ఇంటివాడి చెవికి చేరేది వేరు. గోడలు హెచ్చు కంపనాలను ఆపినంతగా మంద్రధ్వనులను ఆపలేవు. పాటలోని సాహిత్యం, రాగం, పిల్లల నవ్వులు, పలకరింపులు, ఇవన్నీ హెచ్చు కంపనాలలోనే ఉంటాయి కనుక గోడ దగ్గరనే ఆగిపోతాయి. దాటిపోయేది డప్పు దెబ్బ ఒక్కటే. సందడిని సందడి చేసే ప్రతిదానినీ వడగట్టి, మిగిలిన ధబధబను మనం పొరుగువారికి పంపుతున్నాము. దానిని విని అతడు గోల అంటే అతనికి మన సంస్కృతి మీద ద్వేషం ఉన్నదని అనుకోనవసరం లేదు, కొన్నిసార్లు ఉండవచ్చును గాక. మంద్రస్థాయి స్పీకర్లను గోడకు ఆనించకుండా లోపలికి జరిపి, వాటి మీటను కాస్త తగ్గిస్తే హాలులోని సందడి ఏమీ తగ్గదు. అంతకంటె ముందు పక్క ఇళ్ళవారికి ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుందో రాసిన కాగితం, ఒక స్వీట్ల పెట్టెతో సహా ఇచ్చి వస్తే ఇంకా మంచిది.

పిల్లలతో చేయదగిన పని ఒకటి ఉన్నది. షేఫర్ తన విద్యార్థుల చేత చేయించేవాడు. ఎవరూ మాట్లాడకుండా పదిహేను నిమిషాలు నడవాలి, లేదా ఒక చోట కూర్చోవాలి, వినిపించిన ప్రతి శబ్దాన్నీ కాగితం మీద రాయాలి. తరువాత ఒకరి జాబితాను మరొకరి దానితో పోల్చి చూసుకోవాలి. మా ఇంటిలో కిటికీ తెరచి ఈ పని చేశాము. మా అబ్బాయి జాబితాలో పై వరుసన ఐస్‌క్రీం బండి పాట ఉన్నది. రెండు వీధుల అవతల నుండి వినిపించినదట. మా అమ్మ అది ఎవరి ఇంటి గంటో అనుకొని పట్టించుకొనలేదు. ఆమె చెప్పి రాయించిన మొదటి మాట "ఫ్రిజ్ రొద". మా అబ్బాయి ఒప్పుకోలేదు, ఆ చప్పుడు రావడమే లేదన్నాడు. కాసేపటికి ఫ్రిజ్ దానంతట అదే ఆగింది. వాడు రాస్తున్న పెన్సిలు ఆపి, తల ఎత్తి వంటింటి వైపు చూసి, "ఏమయింది?" అన్నాడు.